క్లాసులో తెర ఉంది సరే... అది ఎవరి చేతిలో ఉంది?

మే నెల వచ్చిందంటే చాలు, ఏ ఊళ్లో చూసినా గోడల మీదా, ఆటోల వెనకా స్కూళ్ల ప్రకటనలే. ఒకప్పుడు 'ఇంగ్లీషు మీడియం' అని పెద్ద అక్షరాలతో రాసుకునేవారు. ఇప్పుడు దాని పక్కన డిజిటల్ క్లాసులు, స్మార్ట్ బోర్డులు, రోబోటిక్స్, ఏఐ కూడా వచ్చి చేరాయి. ఫీజు కాగితంలో వాటికో గడి, ఆ గడిలో ఓ అంకె. గాజులు తాకట్టు పెట్టో, చిట్టీ పాడుకునో ఆ అంకెకి సరిపడా డబ్బు సర్దేది చాలా ఇళ్లలో అమ్మే.

అంత డబ్బూ కట్టాక మనం పిల్లల్ని అడిగేదేమిటి? "మీ క్లాసులో పెద్ద టీవీ పెట్టారటగా?" "ఊఁ, పెట్టారమ్మా." అంతే. మనకీ తృప్తి, వాళ్లకీ తృప్తి. "దాంతో నువ్వేం చేశావే?" అని అడిగే తల్లులు ఎంతమంది? నన్నడిగితే అడగవలసిన అసలు ప్రశ్న అదొక్కటే. యంత్రం గోడకి ఉంటే చాలదు, పిల్ల చేతికి రావాలి. అందులోనూ ఆడపిల్ల చేతికి తప్పకుండా రావాలి.

చూస్తే వంట వస్తుందా?

టీవీలో వంటల కార్యక్రమాలు ఏళ్ల తరబడి చూసినా సరే, ఒక్కసారి కూడా చెయ్యి పెట్టి కలపనివాళ్లకి ఆవకాయలో ఉప్పు అంచనా తెలుస్తుందా? తెలియదు. రెండేళ్లు పాడు చేసుకుంటే మూడో ఏడు కుదురుతుంది. చదువూ అలాంటిదే. గుండె ఎలా కొట్టుకుంటుందో రంగుల బొమ్మలో చూపిస్తే పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మంచిదే. టీచరు హడావిడిగా సుద్దముక్కతో గీసే బొమ్మ కన్నా అది ఎంతో నయం. కానీ ఆ అరగంటా వాళ్లు చేసిన పని చూడటం ఒక్కటే. నల్లబల్ల పోయి వెలుగుతెర వచ్చింది. పిల్ల మాత్రం బెంచీ మీద చేతులు కట్టుకునే కూచుంది.

అదే లెక్కల క్లాసులో జియోజీబ్రా అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. పైసా ఖర్చు లేదు, ఉచితం. తెర మీద ఓ త్రిభుజం గీసి, దాని మూల పట్టుకుని ఇటూ అటూ లాగమని పిల్లకి చెప్పండి. లాగినకొద్దీ మూడు కోణాలూ మారిపోతుంటాయి. మూడూ కలిపితే మాత్రం ఎప్పుడూ 180 డిగ్రీలే. సన్నగా సాగదీసినా అంతే, గూటం లాగా పొట్టిగా చేసినా అంతే. "ఎంత లాగినా మారదేం టీచర్?" అని ఆ పిల్లే అడుగుతుంది. ఆ ప్రశ్న నోటివెంట వచ్చిందంటే పాఠం సగం వచ్చేసినట్టే. అదే యంత్రం, అదే కరెంటు. తేడా అంతా ఎవరు ముట్టుకున్నారన్న దగ్గరే.

తెరలు వచ్చాయి, వెళ్లాయి

నిజానికి బడిలోకి తెర రావడం మన ఊళ్లకి కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, సరిగ్గా ఒక్క ఏడాది, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఇస్రో ఓ పెద్ద ప్రయోగం చేసింది. 'సైట్' అని దాని పేరు. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీలు వెళ్లాయి. అప్పటి ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింట్లో ఒకటి. తెలుగులో కార్యక్రమాలు తయారయ్యాయి. పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దలకి. ఊరికి ఒక్క పెట్టె ముందు అందరూ కూచుని చూడటం ఆ రోజుల్లో చిన్న విషయమా? కానీ ఏడాది తిరిగేసరికి గడువు తీరింది, ఉపగ్రహం పక్కకి జరిగింది, చాలా ఊళ్లలో తెర చీకటైపోయింది.

తర్వాత 1984లో కేంద్రం ఎంపిక చేసిన కొన్ని స్కూళ్లకి బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. 2008 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 వేల ప్రభుత్వ హైస్కూళ్లకి కంప్యూటర్లు వచ్చాయి, నేర్పే మనుషులూ వచ్చారు. ఒప్పందం అయిదేళ్లకే. అది తీరగానే నేర్పేవాళ్లు ఇళ్లకి వెళ్లిపోయారు, చాలాచోట్ల కంప్యూటర్ గదికి తాళం పడింది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు అక్కడ సప్తగిరిలో, ఇక్కడ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు వేశారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకీ, టీచర్లకీ కలిపి 5 లక్షలకి పైగా ట్యాబులు పంచారు. వాటిలో పాఠాలు పెట్టిన బైజూస్ కంపెనీయే 2024లో దివాలా కేసులో పడింది.

వీటిలో ఏదీ దండగ అని నేననను. కరోనా రోజుల్లో ఆ టీవీ పాఠాలే లేకపోతే ఎందరు పిల్లలు పుస్తకం మొహం చూసేవారు? కానీ ఒక్కటి గమనించండి. ప్రతిసారీ పాఠం ఎక్కడో తయారైంది, గడువు ఎవరో పెట్టారు. మన పిల్లల వంతుకి వచ్చింది చూడటమే. అందుకే పెట్టె వెళ్లిపోగానే వెనక ఏమీ మిగల్లేదు. చేసి నేర్చుకున్నదైతే పెట్టె పోయినా పిల్ల దగ్గరే ఉండిపోయేది.

చేతికిచ్చేస్తే చాలా?

"అయితే పిల్లకో లాప్‌టాప్ ఇచ్చేస్తే సరి" అంటారేమో. ఆ పని కూడా ఒక దేశం చేసి చూసింది. దక్షిణ అమెరికాలోని పెరూ 'పిల్లకో లాప్‌టాప్' అంటూ 8 లక్షలకి పైగా పంచింది. అక్కడి పల్లెటూళ్లలో 319 బడుల్ని పరిశీలించి 2012లో ఫలితాలు చెప్పారు. పిల్లలు కంప్యూటర్ వాడటం పెరిగింది. లెక్కల్లో, భాషలో మాత్రం ఏమీ పెరగలేదు. ఆశ్చర్యమేముంది? కొత్త మిక్సీ కొనిచ్చి, ఏం రుబ్బాలో చెప్పకపోతే అది అటక ఎక్కుతుంది. పని ఉండాలి. ఆ పని పిల్ల స్థాయికి తగ్గట్టు ఉండాలి.

ఈ రెండో మాటకి ఢిల్లీలో మంచి రుజువు దొరికింది. కార్తీక్ మురళీధరన్ అనే ఆర్థికవేత్త, మరి ఇద్దరు కలిసి అక్కడి ప్రభుత్వ బడుల పిల్లలు 619 మంది మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. బడి అయిపోయాక పిల్లలు ఒక సెంటర్‌కి వెళ్లేవారు. ముప్పావుగంట కంప్యూటర్ దగ్గర, ముప్పావుగంట చిన్న గుంపులో మనిషి దగ్గర. ముందు పరీక్ష పెట్టి చూస్తే, ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. అంటే పుస్తకం ఆరోది, పిల్లకి వచ్చింది మూడో తరగతి లెక్క. మామూలు క్లాసులో టీచరమ్మ ఆరో తరగతి పాఠమే చెప్పాలి కదా? వెనకబడ్డ పిల్ల అక్కడ కూచున్నా, గోడ అవతల కూచున్నా ఒకటే. ఈ సెంటర్‌లో కంప్యూటర్ ఒక్కొక్కళ్లకీ ఎక్కడ వచ్చో అక్కడి నుంచి మొదలుపెట్టింది. ఒకరికి భిన్నాలు, పక్కనున్నవాళ్లకి తీసివేతలు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ, హిందీలోనూ పిల్లలు స్పష్టంగా ముందుకొచ్చారు. మామూలు బడికే పరిమితమైన వాళ్లలో మాత్రం అట్టడుగున ఉన్న పిల్లలు ఆ కాలంలో ముందుకు జరగనే లేదట.

అందులో నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. తప్పు చేస్తే ఆ పిల్లని చూసి నవ్వేవాళ్లు లేరు. ఆరో తరగతిలో ఉండి తీసివేతలు రావని నలుగురిలో ఒప్పుకోవడం ఎంత నామోషీ! కంప్యూటర్‌కి ఆ చులకన తెలియదు. పదిసార్లు తప్పు చేసినా పదకొండోసారి అదే లెక్క ఇస్తుంది.

వెనక నిలబడే అమ్మమ్మ

"మాకే కంప్యూటర్ రాదు, పిల్లలకి మేమేం సాయం చేస్తాం?" అని మీరు అనుకుంటే ఈ కథ వినండి. 1999లో సుగతా మిత్రా అనే ఆయన ఢిల్లీ కాల్కాజీలో ఓ మురికివాడని ఆనుకున్న గోడకి కన్నం పెట్టి అందులో కంప్యూటర్ బిగించారు. ఎవరూ నేర్పకుండానే పిల్లలు దాన్ని వాడటం నేర్చుకున్నారు. తర్వాత ఆయనే తమిళనాడు తీరంలో కలికుప్పం అనే పల్లెలో ఇంకో సాహసం చేశారు. తమిళం తప్ప రాని పిల్లల ముందు, ఇంగ్లీషులో డీఎన్ఏ పాఠాలున్న కంప్యూటర్ పెట్టి వెళ్లిపోయారు. రెండు నెలల తర్వాత పరీక్ష పెడితే సున్నా నుంచి 30 శాతానికి వచ్చారు. అప్పుడాయన ఆ పిల్లలతో స్నేహంగా ఉండే ఒక యువతిని పిలిచి, వాళ్లకి సాయం చెయ్యమన్నారు. ఆమెకి సైన్సు రాదు. "నువ్వేం చెప్పక్కర్లేదు, అమ్మమ్మ లాగా వెనక నిలబడి మెచ్చుకో" అన్నది ఆయన సలహా. 'అరె, ఇదేమిటి? ఇది నీకెలా తెలిసింది? ఇంకోసారి చూపించవూ?' ఇంతే ఆమె చేసింది. మరో రెండు నెలలకి మార్కులు 50 శాతానికి చేరాయి. ఆ తర్వాత 2009లో బ్రిటన్‌లోని అమ్మమ్మలు, నానమ్మలు కొందరు ఇదే పద్ధతిలో ఇంటర్‌నెట్ ద్వారా హైదరాబాదు పిల్లలతో కబుర్లు చెప్పారు కూడా.

చూశారా? మనకి పాఠం రానక్కర్లేదు. కుతూహలం ఉంటే చాలు. చదువుకోని అమ్మ కూడా "నాకోసారి చూపించవే" అని అడగగలదు. అమ్మకి చూపించడం కోసం పిల్ల ఇంకోసారి నేర్చుకుంటుంది.

మరి ఆడపిల్ల సంగతి?

ఆ గోడ కంప్యూటర్ కథలో ఇంకో ముక్క ఉంది. అలాంటి చోట్ల గుమిగూడేది ఎక్కువగా మగపిల్లలేనని తర్వాత పరిశీలించినవాళ్లు రాశారు. చెప్పాలా? అందరిదీ అన్న వస్తువు, బలమున్నవాళ్లదే అవుతుంది. మన క్లాసుల్లోనూ చూడండి. నలుగురికి ఒక కంప్యూటర్ ఉంటే, మౌసు ఎవరు పట్టుకుంటారు? వెనక నిలబడి నోట్సు రాసుకునేది ఎవరు?

ఇంట్లో సంగతి మనకి ఇంకా బాగా తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో "ఎప్పుడైనా ఇంటర్‌నెట్ వాడారా?" అని అడిగితే ఆంధ్రప్రదేశ్‌లో మగవాళ్లు 48.8 శాతం అవునన్నారు, ఆడవాళ్లు 21 శాతమే. తెలంగాణలో మగవాళ్లు 57.4 శాతం, ఆడవాళ్లు 26.5. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ 2024 అసర్ సర్వే దేశంలోని పల్లెల్లో 14-16 ఏళ్ల పిల్లల్ని అడిగినప్పుడు, స్మార్ట్ ఫోను వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోను ఉన్న మగపిల్లలు 36.2 శాతం, ఆడపిల్లలు 26.9 శాతం. అన్నకి 'ఆన్‌లైన్ క్లాసు కోసం' కొన్న ఫోను అన్నదే. చెల్లి అడిగితే "నీకెందుకే ఇప్పుడు?" ఆ మాట అనేది నాన్న ఒక్కరే అయితే బాగుండును. చాలాసార్లు మనమే అంటాం.

అదే సర్వేలో ఒక మంచి మాట కూడా ఉంది. ఫోను చేతికిచ్చి 'అలారం పెట్టు, ఫలానా సమాచారం వెతుకు, ఒక వీడియో పంపు' అని పనులు చెబితే, చాలా రాష్ట్రాల్లో మగపిల్లలే ముందున్నారు. ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని దక్షిణాది రాష్ట్రాల్లో మాత్రం ఆడపిల్లలు వాళ్లకి దీటుగా నిలిచారు. అంటే లోపం బుర్రలో లేదు. అందినప్పుడు మన పిల్లలు ఎవరికీ తీసిపోరు.

"ఫోను ఇస్తే చెడిపోతారు" అన్న భయం నాకు అర్థం కాకపోలేదు. రాత్రి పదకొండింటికి దుప్పట్లో దూరి రీల్స్ చూసే పిల్లని చూస్తే ఏ తల్లికి గుబులుగా ఉండదు? మోసాలూ, వేధింపులూ లేవని ఎవరంటారు? అందుకే బడి ముఖ్యం అంటున్నాను. పదిమంది మధ్యలో, టీచరు కళ్ల ముందు, ఒక పని కోసం, ఒక గంట సేపు వాడటం అలవాటైతే ఈ వస్తువు పనిముట్టని పిల్లకి తెలుస్తుంది. ఎవరైనా పిచ్చి మెసేజీ పంపితే ఏం చెయ్యాలో, ఫొటో ఎక్కడ పెట్టకూడదో కూడా అక్కడే నేర్పొచ్చు. కత్తిపీటని దాచేస్తే కూర తరగడం రాదు. దగ్గర కూచోబెట్టుకుని పట్టుకోవడం నేర్పిస్తే వేలు తెగదు.

బోలెడు డబ్బు అక్కర్లేదు

ఖరీదైన సామాను లేకుండా ఏం చేస్తారు అంటారా? ఒక్క మామూలు ఫోనుతో ఎన్ని పాఠాలు నడపొచ్చో చూడండి. అమావాస్య నుంచి పున్నమి దాకా రోజూ చంద్రుణ్ని ఫొటో తీసి వరసలో పేరిస్తే చంద్రకళల పాఠం. ఊళ్లో పెద్దావిడ దగ్గర కూచుని, ఒకప్పుడు చెరువు ఎలా నిండేదో, పండగ ఎలా చేసేవారో, ఏ గింజలు తినేవారో ఆవిడ మాటల్లోనే రికార్డు చేస్తే సాంఘికశాస్త్రం. దాన్ని విని తెలుగులో టైపు చేస్తే తెలుగు పాఠం. తెలుగు వికీపీడియా 2003 నుంచి ఉంది. అందులో మన ఊరి పేజీ ఎలా ఉందో చూసి, తప్పుంటే దిద్ది, లేని సంగతి ఆధారంతో చేర్చమనండి. తొమ్మిదో తరగతి పిల్ల రాసిన వాక్యం ప్రపంచంలో ఎవరైనా చదువుకోవచ్చు. నేను కూడా రాయగలను, నా మాటకీ విలువుంది అని ఆ పిల్లకి అనిపిస్తే, అంతకన్నా సాధికారత ఏముంటుంది?

ఇవన్నీ టీచరు లేకుండా జరిగే పనులు కావు. మన బడుల్లో టీచర్లు ఎందరో ఆడవాళ్లే. ఒక్క పూట శిక్షణ ఇచ్చి, పెద్ద తెర గోడకి తగిలించి, 'ఇక చెప్పండి' అంటే ఎలా? పైగా హాజరు యాప్‌లో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం లెక్కలు ఎక్కించాలి, మార్కులు ఎక్కించాలి. టెక్నాలజీ పేరుతో ఆవిడ సమయమంతా ఫోనులో అంకెలు కొట్టడానికే పోతే, పిల్లల చేతికి మౌసు ఎప్పుడిస్తుంది? పాడైతే బాగు చేయించే ఖర్చు తన మీద పడుతుందేమోనన్న భయంతోనే ఎన్నో బడుల్లో సామాను బీరువాలోనే ఉండిపోతుంది. యంత్రం కొనేటప్పుడే దాని మరమ్మతుకీ, టీచరు నేర్చుకునే సమయానికీ కూడా లెక్క వెయ్యాలి.

మనం ఏం అడగాలి?

అడిగే హక్కు మనకి కాగితం మీద ఎప్పుడో ఇచ్చారు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల యాజమాన్య కమిటీల్లో మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. తెలంగాణలో 2024లో 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలు పెట్టి మహిళా సంఘాల వాళ్లకే పెద్దరికం ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ బడులన్నిట్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. ప్రైవేటు స్కూల్లో కమిటీ లేకపోయినా పేరెంట్స్ మీటింగ్ ఉంటుంది, ఫీజు రశీదు మన చేతిలో ఉంటుంది. అలాంటి చోటికి వెళ్లి సంతకం పెట్టి, టీ తాగి వచ్చేస్తే ఏం లాభం?

నాలుగు ప్రశ్నలు అడగండి. మా పిల్ల వారంలో ఎన్ని గంటలు స్వయంగా కంప్యూటరో, ట్యాబో ముట్టుకుంటోంది? ఆడపిల్లలకి వంతు విడిగా రాసి పెట్టారా? వెనకబడ్డ పిల్లలకి వాళ్ల స్థాయి నుంచి మొదలుపెట్టే ఏర్పాటు ఉందా? పాడైనవి ఎన్ని, బాగు చేయించడానికి డబ్బు ఎవరు ఇస్తారు? నాలుగే. ఇంగ్లీషులో అడగక్కర్లేదు, గట్టిగా అడగక్కర్లేదు. పక్కన ఇంకో ఇద్దరు తల్లుల్ని తీసుకెళ్లి అడిగితే చాలు. జవాబు సరిగా రాకపోతే వచ్చే మీటింగులోనూ అవే అడగండి.

ఇంట్లో చెయ్యవలసింది ఇంకా తేలిక. ఆదివారం ఓ గంట ఫోను అమ్మాయి వంతు అని గోడ మీద రాసిపెట్టండి. ఆ గంటలో ఏం చేసిందో మీకు చూపించమనండి. మీకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. పక్కన కూచుని "అరె, ఇదెలా చేశావే?" అని ఒక్క మాట అనండి, మిగతాది మీ అమ్మాయి చూసుకుంటుంది.